రోహిణి కార్తెలోనూ చప్పుడు చేయని టీవీ పీసీ ఏది?

బెంజిసర్కిల్: విజయవాడండి, హాల్లో ఏసీ లేదు. 55 అంగుళాల 4కే టీవీ, ఏవీ రిసీవర్ (స్పీకర్లు నడిపే ఆంప్లిఫయర్) ఉన్నాయి. కోడి (Kodi) అనే మీడియా ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వేసి హార్డ్ డిస్కులోని సినిమాలు, యూట్యూబ్ చూడాలి. గేములు అక్కర్లేదు. పెట్టేది అద్దం తలుపుల టీవీ యూనిట్లో. ఫ్యానే లేని ఎన్100 (ఇంటెల్ వారి తక్కువ కరెంటు ప్రాసెసర్) బోర్డు కొంటే గొడవే ఉండదు కదా? సెకండ్‌హ్యాండ్ ఆఫీసు మినీ పీసీ మేలా?

బ్రాడీపేట: ఎన్100 చాలండి. 10 బిట్ హెచ్ఈవీసీ, వీపీ9, ఏవీ1 అనే వీడియో ఫార్మాట్లు మూడూ హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ అవుతాయి, అంటే ప్రాసెసర్ మీద భారం పడకుండా ఆడతాయి. 8 జీబీ ర్యామ్ ఒక్క స్టిక్కు వేయండి, దానికున్నదే ఒక్క మెమరీ ఛానెల్. బోర్డు మాన్యువల్లో హెచ్‌డీఎంఐ 2.0 ఉందో లేదో చూసుకోండి, 1.4 అయితే 4కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది.

ఫ్యాన్ లేకుండా మాత్రం వద్దు. 6 వాట్ల చిప్పే, కాదనను. కానీ రోళ్లు పగిలే ఎండల్లో, పక్కన రిసీవర్ వేడి కక్కుతుంటే, మూసిన అరలో ఆ వేడి ఎటు పోతుంది? చిప్పు వేగం తగ్గించుకుంటుంది, మెనూలు ఈడ్చుకుంటూ కదుల్తాయి. 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి పెట్టి, 65 డిగ్రీల దాకా 600-700 ఆర్‌పీఎం దాటకుండా బోర్డు సెట్టింగుల మెనూ అయిన బయాస్‌లో సెట్ చేయండి. నిలకడగా తిరిగే ఫ్యాన్ వినపడదు, హెచ్చుతగ్గులే చెవిలో గుచ్చుకుంటాయి. యూనిట్ వెనక ప్లైవుడ్‌కి కింద ఒకటి, పైన ఒకటి 4 అంగుళాల రంధ్రాలు కోయించి, గోడకి 2 అంగుళాలు ఎడం ఉంచండి.

కృష్ణలంక: ఆఫీసు మినీ పీసీయే అయితే ఇంటెల్ 7వ తరానికి తగ్గొద్దు, 6వ తరంలో 10 బిట్ హెచ్ఈవీసీ పూర్తిగా హార్డ్‌వేర్ మీద నడవదు. ఏవీ1 రెండింట్లోనూ లేదు. చాలావాటికి డిస్‌ప్లేపోర్టే ఉంటుంది, 4కే 60 హెర్ట్జ్‌కి యాక్టివ్ అడాప్టర్ (సిగ్నల్‌ని హెచ్‌డీఎంఐగా మార్చే చిప్పు ఉన్నది) కావాలి. లోపలి చిన్న బ్లోయర్ కీచుమంటుంది, రెక్కల్లో దుమ్ము పేరుకుంటే మరీను.

అసలు మోత డిస్కుది. 3.5 అంగుళాల డిస్కు ప్లైవుడ్‌కి ఆనిందంటే అరంతా డప్పే! పీసీలో 128 జీబీ ఎస్ఎస్‌డీ చాలు, డిస్కుని వేరే గదిలో రౌటర్ దగ్గర పెట్టి క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు లాగండి. నెట్‌వర్క్ స్విచ్చి 100 ఎంబీపీఎస్‌ది అయితే పెద్ద 4కే ఫైళ్లు మధ్యమధ్యలో ఆగుతాయి, గిగాబిట్‌దే తీసుకోండి.

బెంజిసర్కిల్: తలుపులు తీసే ఉంచితే రంధ్రాలు అక్కర్లేదా?

బ్రాడీపేట: వేడిగాలి పై మూలలో నిలిచిపోతుందండి, పై రంధ్రం ఒక్కటైనా కావాలి. ఇంకోటి, పీసీలో విండోస్ బదులు లైనక్స్ వేస్తే, లైనక్స్‌లో నెట్‌ఫ్లిక్స్ 4కే రాదు. దానికి టీవీలోని యాప్ వాడుకోండి.