ఇంటర్న్‌షిప్ చేసిన ప్రెస్‌కు కృతజ్ఞతా కార్డు: ఎలా చేయాలి?

కడప విద్యార్థిని: ఆరు నెలలు ఓపికగా పని నేర్పిన డిజైనర్ సార్‌కు, ప్రెస్‌లో అందరికీ తెలుగు కార్డు ఇవ్వాలి. మడిస్తే A5 రావాలి. ఫైల్ ఎట్ల పెట్టాలన్నా?

ప్రెస్ అన్న: విప్పితే A4, అంటే 297×210 మి.మీ. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలిపి 303×216 పెట్టమ్మా. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఆర్ట్ కార్డు అనే నున్నటి మందపాటి కాగితం చాలు, కానీ క్రీజింగ్, అంటే మడత గీత ముందే నొక్కించడం, చేయించకుండా మడిస్తే మడత దగ్గర ఇంకు పగిలి తెల్లగీత పడుతుంది. పది కార్డులకు ఆఫ్‌సెట్ (ప్లేట్లతో వేసే అచ్చు) దండగ, రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్ల ఖర్చు నెత్తిన పడుతుంది. ప్లేట్లు అక్కర్లేని డిజిటల్‌లో తీయించు.

అక్షరాల పిచ్చోడు: అసలు తంటా తెలుగుతోనే. అను ఫాంట్ యూనికోడ్ (అన్ని సిస్టంలకూ ఒకటే అక్షరాల కోడ్) కాదు; అవతలి సిస్టంలో ఆ ఫాంట్ లేకుంటే అంతా పిచ్చిగీతలే. అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చి పీడీఎఫ్ పంపు. మార్చకముందు ఫైల్ వేరేగా దాచుకో, తర్వాత అచ్చుతప్పు దిద్దలేవు. వరుసల ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉంచు, లేకుంటే పై వరుస వత్తులు కింది గుడులకు తగులుతాయి. చిన్న అక్షరాలకు నలుపొక్కటే, K 100 (నల్ల ఇంకు నూరు శాతం). నాలుగు రంగులు కలిపితే ఒక రంగు కొంచెం పక్కకు జరిగినా మసకే.

అనంతపురం అక్క: "అన్నిటికీ థాంక్స్" అని రాయొద్దు పాపా. డిజైనర్ సార్ దిద్దిన ఒక్క తప్పు పేరుపెట్టి రాయి. కటింగ్ మిషన్ దగ్గరుండే అన్న పేరు మరవద్దు, అందరూ మరిచేది ఆయన్నే. అక్కడ చేసిన పనులు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలంటే ముందు అడుగు.