‘విత్’ అంటే ఒకప్పుడు ‘తో’ కాదు

ఏటీఎంలో డబ్బు విత్‌డ్రా చేస్తాం. డ్రా అంటే లాగడం, సరే. మరి ‘విత్’ అక్కడేం చేస్తోంది? ‘తో’ అని అర్థం చెప్పుకుంటే ఆ మాట అతకనే అతకదు.

పాత ఇంగ్లీషులో, అంటే సుమారు 1100కు ముందు, ‘విత్’కు ముఖ్యమైన అర్థం ‘ఎదురుగా, వ్యతిరేకంగా’. ‘తో’ అనడానికి వాళ్ళకు వేరే మాట ఉండేది: ‘మిద్’. జర్మన్‌లో నేటికీ వాడే ‘మిట్’ దానికి తోబుట్టువే. పాత ఇంగ్లీషులో ఏడాదివారీగా రాసిన చరిత్ర ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌లో 871వ సంవత్సరం కింద, ఎథెల్‌రెడ్ రాజూ అతని తమ్ముడు ఆల్‌ఫ్రెడూ ఆష్‌డౌన్ అనేచోట డేనుల (వైకింగుల) సైన్యంతో పోరాడారని రాసినచోట ఉన్నది ‘విత్’. ఆ సైన్యాన్ని ఎదిరించి అని. దాని పక్షాన నిలిచి పోరాడారనాలంటే ‘మిద్’ పడేది.

‘విత్’కు ‘దగ్గర, ఆనుకుని’ అనే అర్థం కూడా ఉండేది. ఎదురెదురుగా తలపడేవాళ్ళు దగ్గరగానే ఉంటారు కదా, అక్కడినుంచి ‘కలిసి’ దాకా మెల్లగా జరిగింది. ఇంగ్లండులో స్థిరపడ్డ స్కాండినేవియన్ల మాట ‘విద్’ కూడా ఇందుకు తోడైందంటారు. 14వ శతాబ్దం ముగిసేసరికి ‘మిద్’ దాదాపు కనుమరుగైంది. మిగిలింది ‘మిడ్‌వైఫ్’లో. నాకు చాలా ఇష్టమైన మాట ఇది. ‘వైఫ్’ అంటే అప్పట్లో స్త్రీ అనే అర్థం. కాన్పు వేళ తల్లితో ఉండే స్త్రీ అన్నమాట. ఇందులోని ‘మిడ్’ను ‘మధ్య’ అనుకోవడం పొరపాటు.

‘విత్’ పాత అర్థం మాత్రం కొన్ని క్రియల్లో గట్టిగా నిలిచింది. విత్‌స్టాండ్ అంటే ఎదురొడ్డి నిలవడం. విత్‌హోల్డ్ అంటే ఎదురు దిశకు, అంటే వెనక్కి, పట్టి ఉంచడం. విత్‌డ్రా అంటే వెనక్కి లాగడం.

‘వాడితో పోట్లాడాను’ అని మనమూ అంటాం కాబట్టి మన ‘తో’కు కూడా ఇలాంటి చరిత్రే ఉందనుకోకండి. మనకు ఎదిరింపు ‘పోట్లాడు’ అనే క్రియలోనే ఉంది. పక్షాన అని చెప్పాలంటే ‘వాడితో కలిసి’ అని ఇంకో మాట చేరుస్తాం.

‘వితౌట్’ సంగతి కూడా చూడండి. లండన్ సిటీలో ఫారింగ్‌డన్ వార్డును 1394లో రెండు చేశారు. ప్రాకారం లోపలి భాగం ఫారింగ్‌డన్ వితిన్, బయటి భాగం ఫారింగ్‌డన్ వితౌట్. ‘లేకుండా’ అని కాదు, ‘వెలుపల’ అని. ఆ రెండు వార్డులకూ ఇప్పటికీ అవే పేర్లు.