మోకాళ్ల నొప్పులున్న అమ్మతో గుట్టకు పోవచ్చా? (పాండవుల గుట్ట / రామగిరి / బొగత)

కాజీపేట పోరడు
అన్నలూ అక్కలూ, ఆగస్టులో రెండు రోజులు సెలవు దొరికింది. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (11, 6 ఏళ్లు), బాపు, అమ్మ. ఒకటే కారు. బాపు ఇప్పటికీ పొలం గట్ల మీద నాకంటే ముందు నడుస్తాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పది మెట్లెక్కితే కూర్చుంటుంది. ఇంట్లో వదిలి పోతే మాత్రం వచ్చే సంక్రాంతి దాకా ఎత్తిపొడుస్తుంది. పెద్దోడికి గుట్ట ఎక్కాలని, చిన్నదానికి నీళ్లు కావాలని. పాండవుల గుట్ట, రామగిరి ఖిల్లా, బొగత జలపాతం అనుకుంటున్నా. అమ్మకు ఏది నయం? రాత్రి ఎక్కడుండాలి? తిండి మోసుకుపోవాలా?

సుబేదారి అక్క
ఆగస్టులో బొగత మాట ఎత్తకు తమ్మీ. రెండేళ్ల కింద మేం పోయాం. హన్మకొండ నుంచి 140 కిలోమీటర్లు. ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం, ఆ తర్వాత గోదావరి మీద ముల్లకట్ట వంతెన, వాజేడు. తీరా పోతే వరద ఎక్కువుంది, లోపలికి వదలం అన్నారు. వాళ్ల తప్పేం లేదు, ఆ చప్పుడు వింటేనే నాకు కాళ్లు వణికాయి. కానీ పొద్దున 4 గంటలకు లేచి పులిహోర కలిపింది నేను కదా! దాన్ని రోడ్డు పక్కన డిక్కీ తెరిచి తిని వెనక్కి వచ్చాం. మా ఆయన ఇప్పటికీ ఇంట్లో పులిహోర చేస్తే "బొగత ప్రసాదమా?" అంటాడు. వానలు తగ్గాక పో.

గుట్టలోడు
12 ఏళ్లలో 40కి పైగా గుట్టలు ఎక్కినవాడిగా చెబుతున్నా. పాండవుల గుట్ట రేగొండ మండలంలో ఉంది, ఇసుకరాతి కొండలు. రాతి మీద ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి, జంతువులు, గుర్తులు, ఎక్కువగా ఎర్ర రంగువి. తెలిసినవాడు వెంట లేకుంటే బొమ్మ పక్కనుంచే నడిచిపోతారు, చూసినట్టే ఉండదు. వాన పడితే ఆ బండ సబ్బు పూసినట్టు ఉంటుంది. దిగేటప్పుడు మడమ మీద బరువు వేయొద్దు, మోకాలు కాస్త వంచి, పక్కకు తిరిగి, పాదం మొత్తం ఆన్చి దిగాలి. కొత్త బూట్లు వేసుకుని రావద్దు. నేను వెంట తీసుకుపోయిన వాళ్లలో సగం మందికి బొబ్బలే.

నిర్మల్ అల్లుడు
ఇవన్నీ ఎందుకు, మా వైపు రండి. కుంతల జలపాతం. కడెం వాగు మీద 45 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది.

సుబేదారి అక్క
అల్లుడుగారూ, కుంతలకు వందల మెట్లు దిగాలి. దిగేటప్పుడు అందరూ వీరులే. ఎక్కేటప్పుడు వాళ్లమ్మను మీరు ఎత్తుకొస్తారా?

నిర్మల్ అల్లుడు
సరే, పొచ్చెర పోండి. అక్కడ అంత ఇబ్బంది లేదు. అటు పోయినవాళ్లు రెండూ చూసే వస్తారు.

హుజూరాబాద్ పంతులు
రామగిరి ఖిల్లాకు శ్రావణంలో పోవడమే అందం. బేగంపేట నుంచి ఎక్కుతారు, జనం బారులు తీరి ఉంటారు. కోట గోడలు ఒక ఎత్తు, ఆ గుట్ట మీద మందు మొక్కలు ఒక ఎత్తు. వృక్షశాస్త్రం చదివే పిల్లలను మేం తీసుకుపోయేవాళ్లం. పొద్దునే ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదరకముందే పైకి చేరతారు. ఒక చిట్కా: రెండు డజన్ల అరటిపండ్లు పట్టుకుపోండి. కోతులకు పెడితే మన జోలికి రావు, ఇంత పుణ్యం కూడా.

మక్కచేను
పంతులు గారూ, మీ పుణ్యాన్ని అవి మా చేన్ల తింటున్నయి.
మాది గుట్ట కింద ఊరు. మూడెకరాల మక్క. కంకి పాలు పట్టే రోజుల్లో మంద దిగితే ఒకటి తిని నాలుగు విరిచి పారేస్తయి. తిన్నదానికి ఏడ్వం సార్, విరిచినదానికి ఏడుస్తం. పల్లి వేయడం మానేసినం. పెరట్ల బీర పాదు పెట్టక ఎన్నేళ్లయిందో. ఇంటి పెంకులు పీకుతుంటే తీసేసి రేకులు వేసినం. పొద్దు పొడిచినప్పటి నుంచి మసక పడేదాకా మా అమ్మ మంచె మీద డబ్బా కొడుతూ కూర్చుంటది. ఆమెకు కూడా మోకాళ్ల నొప్పులే. మీరు ఆదివారం వచ్చి అరటిపండు అలవాటు చేసి పోతరు. సోమవారం అవి ఎవరి దగ్గరికి పోవాలె?

హుజూరాబాద్ పంతులు
తమ్మీ, నీ బాధ కాదనను. కానీ అడవిలో తునికి, మొర్రి, మేడి ఎవరు నరికారు? కోతులా? మనం వాటి తిండి లాక్కుని, రెండు పండ్లు పెడితే తప్పంటే ఎట్లా? ఆంజనేయస్వామి అని దండం పెట్టే దేశం మనది.

మక్కచేను
దండం నేను కూడా పెడతా సార్. దండం వేరు, పండు వేరు.

గుట్టలోడు
నా అనుభవంలో చేతిలో కర్ర ఉంటే చాలు. కోతి కళ్లలోకి సూటిగా చూస్తూ నిలబడితే అదే పోతుంది.

దవాఖాన చెల్లె
అయ్యో, అట్లా ఎవరికీ చెప్పకండి! సూటిగా చూడటమంటే కోతికి గొడవకు పిలిచినట్టు. పళ్లు చూపిస్తే నవ్వుతుందని పిల్లలు దగ్గరికి పోతారు, అది నవ్వు కాదు. మా అక్క కొడుకు చేతిలో అరటిపండు చూసి ఒకటి పైకి ఎగబడింది. వాడు పండు వదలలేదు, మోచేతి మీద కొరికింది. పక్కన ఉన్న పెద్దాయన పసుపు అద్దమన్నాడు. వద్దు. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. కారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, అదే రోజు దవాఖానకు పోయి కుక్కకాటుకు వేసే టీకాయే వేయించాలి. చిన్న గీత పడ్డా సరే. అందుకే బ్యాగులో సబ్బుబిళ్ల, రెండు లీటర్ల నీళ్లు అదనంగా పెట్టుకోండి. తిండి కవర్లలో పట్టుకోవద్దు, ఆ గలగల చప్పుడు వాటికి బాగా తెలుసు. మూతపెట్టిన టిఫిన్ డబ్బా, దాన్ని బ్యాగులో, బ్యాగు జిప్పు వేసి.

హుజూరాబాద్ పంతులు
30 ఏళ్లుగా పెడుతున్నా, నన్ను ఒక్కటీ కరవలేదు.

మక్కచేను
మిమ్మల్ని ఎందుకు కరుస్తయి సార్, మీరు పెడుతున్నరు కదా. ఒట్టి చేతులతో వెనక వచ్చేటోన్ని కరుస్తయి.

సుబేదారి అక్క
😂 ఈ మాట బాగుంది.

హుజూరాబాద్ పంతులు
నవ్వండి. పెద్దవాళ్లంటే గౌరవం లేకుండా పోయింది. నేను ఇక రాయను.

వాగుపిట్ట
గుట్టలోడు గారూ, మీ ప్రొఫైల్ ఫోటో ముత్యంధార జలపాతం కింద దిగినట్టుంది? వీరభద్రవరం అడవిలోది. అక్కడికి పోవద్దని అటవీశాఖ చెబుతూనే ఉంది. 2023 జులైలో వాగు పొంగి 80 మంది దాకా ఇరుక్కుపోతే రాత్రిపూట ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు పోయి తీసుకురావాల్సి వచ్చింది. మీరేమో ఇక్కడ మాకు మడమ, మోకాలు పాఠాలు చెబుతున్నారు.

గుట్టలోడు
అది 2023కు ముందుది. నేను ఎక్కడికి పోయినా వాతావరణం చూసుకునే పోతా. తెలియకుండా మాట్లాడొద్దు.

వాగుపిట్ట
ఇరుక్కున్నవాళ్లు కూడా పొద్దున ఎండ చూసుకునే పోయి ఉంటారు అన్నా. పోయేటప్పుడు పాదం తడిపిన వాగు వచ్చేటప్పుడు నడుం దాకా ఉంటుంది. మీ దగ్గర చినుకు పడనక్కర లేదు, పైన కొండల్లో పడితే చాలు. ఆ ఫోటో చూసి ఇంకో పదిమంది బయలుదేరతారు, తీసేయండి.

గుట్టలోడు
తీయను.

కాజీపేట పోరడు
అన్నా, అక్కా, అందరికీ దండం. అమ్మ మోకాళ్లు...

ములుగురోడ్డు
తమ్మీ, నేను మా అత్తమ్మను తీసుకుపోయిన పద్ధతి చెప్తా. పెద్దోణ్ణి, బాపును ఒకరోజు పొద్దునే పాండవుల గుట్టకు పంపు, వాన లేకుంటేనే. అమ్మ, చిన్నది, మీ ఆవిడతో నువ్వు రామప్ప పో. ఎక్కేది తక్కువ, కూర్చునేది ఎక్కువ. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గోపురంలోవి నీళ్లలో తేలే ఇటుకలని చెబితే చిన్నదానికి ఇంటికొచ్చేదాకా అదే పని, కనబడ్డ ప్రతి రాయీ బకెట్లో వేస్తుంది. మా అత్తమ్మ మండపం అరుగు మీద కూర్చుని స్తంభాల మీద బొమ్మల నగలు లెక్కపెట్టింది. వడ్డాణం ఎన్ని పేటలో, కాలి కడియం ఎట్లుందో అన్నీ. గంటన్నర కదలలేదు. మధ్యాహ్నం మాత్రం పోవద్దు. చెప్పులు బయటే విడవాలి, బండలు కాలుతుంటాయి. అమ్మకు పాత సాక్సులు ఒక జత పెట్టుకో, నేను అది మరిచిపోయి మాటలు పడ్డా.
అక్కడి నుంచి లక్నవరం చెరువు దగ్గరే. వేలాడే వంతెన నడుస్తుంటే ఊగుతుంది, పిల్లలు కావాలని గెంతుతారు. అమ్మను ఒడ్డునే కూర్చోబెట్టు. రాత్రికి లక్నవరంలో, తాడ్వాయిలో పర్యాటక శాఖ గదులున్నాయి, శని ఆదివారాలకు ముందే బుక్ చేసుకో. మేం బుక్ చేయకుండా పోయి ఒక లాడ్జిలో దోమలకు రక్తదానం చేశాం.

కాజీపేట పోరడు
అన్నా, ఇదే కావాల్సింది. కారు ఒకటే కదా, బాపు వాళ్లు గుట్టకు ఎట్లా పోవాలి? మా బావ బండి అడుగుతా. తిండికి మా ఆవిడ సర్వపిండి చేస్తానంటోంది.

సుబేదారి అక్క
సర్వపిండి మంచిది, రెండో రోజుకూ పాడవదు. ఉల్లిగడ్డ వేయకుంటేనే. ఉల్లిపొరక కూడా వద్దు.

నిర్మల్ అల్లుడు
ఉల్లి లేకుంటే అది సర్వపిండి ఎట్లా అవుతుంది అక్కా? నువ్వులు, పల్లీలు, శనగపప్పు వేసి...

సుబేదారి అక్క
మీరు మెట్లు ఎక్కించడం చూసుకోండి, వంట మాకు వదిలేయండి.

హుజూరాబాద్ పంతులు
శనగపప్పు గంట ముందు నానబెట్టమని చెప్పమ్మా. లేకుంటే పెద్దవాళ్ల పళ్లకు కష్టం.

మక్కచేను
పంతులు గారూ, వచ్చినరా. మీరు అలిగిపోయినరని రాత్రి బాధైంది.

హుజూరాబాద్ పంతులు
అలగలేదు, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. అరటిపండ్ల సంగతి మాత్రం నేను ఒప్పుకోలేదు, గుర్తుంచుకో.

జమ్మికుంట చిన్న
హాయ్ అందరికీ, లక్నవరంలో బోటు ఎన్ని గంటల దాకా నడుస్తది?

వాగుపిట్ట
పైన చదువు తమ్మీ, అన్నీ ఉన్నాయి.

జమ్మికుంట చిన్న
మొత్తం చదివిన అక్కా. కోతులే ఉన్నయి.