కోరంగి అంచున కైట్ సర్ఫింగ్: పూర్తి నిషేధమా, ఋతువును బట్టి హద్దులా?

గాలివాటం (అమలాపురం)

కోరంగి అభయారణ్యం మొదలుకొని అంతర్వేది వరకు ఉన్న తీరమంతటా కైట్ సర్ఫింగును, అంటే పెద్ద గాలిపటం లాగుతుండగా పలక మీద నిలబడి నీటిపై జారే ఆటను, నిషేధించాలని పోయిన వారం ఒక సభ్యుడు ఇక్కడ రాశారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. 1978లో ప్రకటించిన, దాదాపు 235 చదరపు కిలోమీటర్ల ఆ అభయారణ్యపు మడ అడవుల్లోకి గానీ, హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ మీదికి గానీ మమ్మల్ని రానివ్వమని ఎవరూ అడగడం లేదు. నేను మాట్లాడుతున్నది ఓడలరేవు, ఎస్.యానాం వంటి బయటి తీరాల గురించి. మా ఆటకు పనికివచ్చే నైరుతి గాలి మే నెల నుంచి ఆగస్టు దాకా బలంగా ఉంటుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు ఒడ్డెక్కుతాయి. వలస పక్షులు చలికాలపు అతిథులు. ప్రకృతే వేర్వేరు వేళలు కేటాయించిన చోట ఏడాది పొడవునా తలుపులు మూయడం ఎందుకు? సముద్రతీరం ప్రజలందరిదీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమేనని కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది.

మడచెట్టు (కాకినాడ)

గాలివాటం గారూ, మీరు ఉదహరించిన తీర్పు మీకన్నా నాకే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆ కేసులో ధర్మకర్తృత్వ సూత్రాన్ని వాడింది బియాస్ నది ఒడ్డున ఒక హోటలుకు ఇచ్చిన లీజును రద్దు చేయడానికి. ఒడ్డు అందరిదీ అంటే ఎవరు ఏమి చేసినా చెల్లుతుందని అర్థం కాదు.

మీ లెక్కలోనూ ఒక చిక్కు ఉంది. తాబేలు గుడ్లు పొదగబడటానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది. మార్చి చివర పెట్టిన గుడ్లు మే నెలాఖరు దాకా ఇసుకలోనే ఉంటాయి, ఆ ఇసుక మీదే మీరు గాలిపటం పరచి గాలి నింపుతారు. పక్షుల సంగతి ఇంకా సున్నితమైనది. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో బయటపడే బురద మేటల మీద అవి మేసే వ్యవధి కొద్ది గంటలే. ఆకాశంలో పెద్ద రెక్కలాంటిది ఒకటి అటూ ఇటూ ఊగుతుంటే వాటి కంటికి అది డేగలాగే తోస్తుంది. గుంపు మొత్తం లేస్తుంది, కాసేపటికి వాలుతుంది, మళ్లీ లేస్తుంది. వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవలసిన పిట్టకు ఆ మేత పోతే నష్టమే. పడవ దాటిపోయాక గొడవ తీరుతుంది గానీ, గాలిపటం అదే చోట రెండు గంటలు తిరుగుతుంది.

వేదికకు కొత్త (రాజమహేంద్రవరం)

రొయ్యల చెరువుల మురుగు, తాబేళ్లను చంపే ట్రాలు వలలు వదిలేసి, ఏడాదికి పదిమంది కూడా ఆడని ఆట మీద ఇంత చర్చ అవసరమా?

మడచెట్టు (కాకినాడ)

అవసరమే. పక్కింటివాడు చెత్త పోశాడని మనమూ పోయలేము కదా. పైగా హద్దులు గీయడం పదిమంది ఉన్నప్పుడే సులువు.

మొగ దగ్గర (ఓడలరేవు)

మాది వేట మీద బతికే కుటుంబం కనుక మా మాట కూడా వినండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆగుతుంది, బోట్లు, వలలు ఒడ్డునే ఉంటాయి. ఆటగాళ్ల గాలి మొదలయ్యేదీ అప్పుడే. ఇరవై మీటర్లకు పైగా పొడవున్న ఆ తాళ్లు, ఒడ్డు నుంచి అలివి వలను లాగుతున్న మనుషుల మధ్య పడితే చేతులు తెగుతాయి. అలాగని పూర్తి నిషేధానికి నేను చేయెత్తను. తీరానికి కంచె వేసే అలవాటు ఒకసారి మొదలైతే మొదట ఆపేది ఆటగాడిని, తరువాత ఆపేది నా పడవను. ఆడేచోటు ఏదో ఊరివారితో కూర్చుని తేల్చండి. మా నడక దారి మాత్రం కదపవద్దు.

గాలివాటం (అమలాపురం)

గుడ్ల విషయంలో మడచెట్టు గారి మాట నిజం, నేను పొరబడ్డాను. కాబట్టి నా ప్రతిపాదన మారుస్తున్నాను: జూన్ రెండో వారానికి ముందు గాలిపటం ఎగరకూడదు, గాలిపటం పరిచే చోటు అలివి వల లాగే తావుకు దూరంగా ఉండాలి, గోదావరి పాయలైన వైనతేయ, వసిష్ఠ సముద్రంలో కలిసే మొగల దగ్గర ఏడాది పొడవునా నిషేధం ఉండాలి, ఎందుకంటే మేటలు అక్కడే పడతాయి. జర్మనీ తన ఉత్తర సముద్ర తీరపు జాతీయ వనాలలో 2023 నుంచి ఈ పద్ధతినే పాటిస్తోంది. గుర్తించిన చోట్ల తప్ప కైట్ సర్ఫింగును అక్కడ అనుమతించరు.

మడచెట్టు (కాకినాడ)

జూన్ సంగతి ఒప్పుకుంటాను. అయితే మేట ఒకచోట నిలిచేది కాదు; వరద వచ్చిన ప్రతిసారీ మొగ జరుగుతుంది, నిరుడు గీసిన గీత ఈ ఏడు నీటి మధ్యలో ఉంటుంది. వరద తీసిన తరువాత ఏటా కొత్తగా కొలిచి, కర్రలు పాతే బాధ్యత ఎవరిదో తేలేదాకా మొగకు దగ్గరలోని ఏ తీరానికీ నేను సరే అనను.

మొగ దగ్గర (ఓడలరేవు)

కర్రలు మేము పాతుతాము. మొగ ఎటు జరిగిందో మాకు ఎలాగూ తెలియాలి, లేకపోతే పడవ ఇసుకలో కూరుకుపోతుంది. కూలి ఎవరిస్తారో మీరిద్దరూ తేల్చుకోండి.