మిజౌలా సరస్సుకు గండి పడింది ఒక్కసారా, నలభై సార్లా?

రాళ్లబాట: మొన్న అమెరికాలో మోంటానా వెళ్లాం. మిజౌలా ఊరి పక్క మౌంట్ జంబో కొండ నిండా అడ్డగీతలు, అన్నీ మంచుయుగపు సరస్సు ఒడ్డు గుర్తులే. ఐడహోలో హిమానీనదం క్లార్క్ ఫోర్క్ నదికి అడ్డం పడితే వెనక 600 మీటర్ల లోతు నీళ్లు నిలిచాయట. ఆ కట్ట నలభై సార్లు తెగిందంటే నమ్మొచ్చా?

కృష్ణాతీరం: నమ్మను. ఆ వరద దారిలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఎండిన జలపాతం డ్రై ఫాల్స్ చూశాను, 120 మీటర్ల రాతిగోడ. అలా కోయాలంటే ఒక్క మహావరదే. నలభై అనడానికి చూపే దిగువ లోయల్లోని నలభై ఒండ్రు పొరలూ ఆ వరద ఎగసిపడుతూ వేసినవే.

పద్మజ: వాషింగ్టన్‌లోనే వాలా వాలా ఊరి దగ్గర ఆ పొరల మధ్య సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం బూడిద చెదరకుండా పరుచుకుని ఉందండీ. వరద ఉరవడిలో అలా నిలవదు, ఆరిన నేల మీద పడాలి, అంటే వరదకూ వరదకూ మధ్య విరామం ఉంది. భూగర్భ శాస్త్రవేత్త రిచర్డ్ వెయిట్ 1980లో చెప్పింది ఇదే. పైగా మంచు నీటికన్నా తేలిక. నీటిమట్టం మంచు మందంలో పదింట తొమ్మిది వంతులకు వస్తే కట్ట అడుగు లేస్తుంది, నీళ్లు పోతాయి, మంచు మళ్లీ ముందుకొచ్చి మూస్తుంది.

కృష్ణాతీరం: బూడిద ఎన్ని పొరల మధ్య ఉంది? అన్నిటి మధ్యా చూపించండి.

సత్యం: బూడిద వదిలేయండి బాబూ.

పద్మజ: ఎందుకు వదలాలి? మిజౌలా వైపు సరస్సు మట్టిలో ఏడాదికో పొర చొప్పున లెక్క ఉంది, సరస్సు నిండిన ఒక్కో విడతకు ఒక్కో పొరల గుంపు. అడుగు గుంపుల్లో దశాబ్దాల పొరలు, పైకి వచ్చేకొద్దీ తక్కువ. మంచు పలచబడి త్వరగా తెగిందన్నమాట. చదవకుండా వాదిస్తారేమిటి?

కృష్ణాతీరం: చదువు సంగతి ఎత్తకండి. మా ఊరి చెరువు కట్టకు బుంగ పడిందని మా నాన్న నెల ముందే చెబితే, "లెక్కలు తెచ్చావా?" అని పంపేశారు. గండి పడి మా పొలం ఇసుక మేట అయింది. ఈ వరదను మొదట చెప్పిన భూగర్భ శాస్త్రవేత్త బ్రెట్జ్‌కీ అంతే. 1923లో మహావరద అన్నందుకు 1927 సభలో పెద్దలంతా మీద పడ్డారు. అమెరికా భూగర్భ శాస్త్ర సంఘం పెన్‌రోజ్ మెడల్ ఇచ్చింది 1979లో, తొంభై దాటాక! ఇప్పుడు మీరు ఆయన వరదను ముక్కలు చేస్తున్నారు.

పద్మజ: మీ నాన్నగారికి జరిగింది ఘోరం. నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ బ్రెట్జే మళ్లీ ఫీల్డుకు వెళ్లి, 1956లో ఒకటికి మించి వరదలు వచ్చాయని రాశారు.

కృష్ణాతీరం: ఆయనేనా? ఆ వ్యాసం పంపండి, చదువుతాను. బూడిద మాత్రం ఒప్పుకోలేదు.