మూడు విచారణలకు ఒకే గురువు: ఉమ్మడి ప్రణాళికలో ముందు ఏం రాయాలి?

మండలి_కార్యదర్శి:
అందరికీ వందనాలు. మా కతోలిక మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో) పక్కపక్కనున్న మూడు విచారణలను (పారిష్‌లను) ఒకే విచారణ గురువుకు అప్పగించబోతున్నారు. ఆయనకు తోడు ఒక సహాయ గురువు, ఒక డీకన్ ఉంటారు. మూడు పాలక మండళ్ల నుంచి నలుగురేసి కూర్చుని ఆరు నెలల్లో ముసాయిదా ఇవ్వాలి. ప్రస్తుతం శనివారం సాయంత్రం, ఆదివారం కలిపి మూడు చోట్లా మొత్తం 9 పూజలు జరుగుతున్నాయి. మొదటి సమావేశంలోనే "మన విచారణ మూసేస్తున్నారు", "మన నిధి వాళ్లకి పోతుంది", "ఎనిమిదింటి పూజ తీస్తే ఊరుకోం" అన్నారు. ఇది విలీనమేనా? పూజలు ఎలా తగ్గించాలి? డబ్బు సంగతేంటి? మూడు మండళ్లూ ఒకటి చేయాలా?

కానన్_చదువరి:
ముందు బిషప్ గారి లేఖలో ఏ కానన్ (శ్రీసభ చట్టంలోని నియమం) పేర్కొన్నారో చూడండి. సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

526 అని ఉంటే గురువు మాత్రమే ఒకరు, విచారణలు మూడూ మూడుగానే ఉంటాయి. 517లోని మొదటి భాగమైతే కొందరు గురువులు కలిసి బాధ్యత మోస్తారు, వారిలో ఒకరు మోడరేటర్ (సమన్వయకర్త). 515లోని రెండో భాగం కనిపిస్తేనే అసలు రద్దు, విలీనం, హద్దుల మార్పు. ఆ అధికారం బిషప్‌ ఒక్కరిదే, అదీ గురువుల మండలి మాట విన్నాకే. వినకుండా ఇచ్చిన ఉత్తర్వు 127 ప్రకారం చెల్లదు. గుడిని దైవారాధన నుంచి తప్పించడం ఇంకో సంగతి, దానికి 1222 కింద విడిగా ఉత్తర్వు రావాలి. విచారణ రద్దయినంత మాత్రాన గుడికి తాళం పడదు. సభలో ఈ రెండూ కలిపి మాట్లాడేవాళ్లను అక్కడే ఆపండి.

ఇంకొకటి. 2020 జూలైలో రోమ్‌లోని గురువుల కాంగ్రిగేషన్ (గురువుల వ్యవహారాలు చూసే శాఖ) విడుదల చేసిన ఇన్‌స్ట్రక్షన్ (మార్గదర్శక పత్రం) ప్రకారం గురువుల కొరత గానీ, మేత్రాసనం మొత్తం ఆర్థిక పరిస్థితి గానీ దానంతటదే విచారణ రద్దుకు చాలిన కారణం కాదు. రద్దు ఉత్తర్వే వస్తే, అది చేతికందాక మార్చమని బిషప్ గారికి రాసుకోవడానికి గడువు 10 రోజులే (1734). చాలామంది ఊరేగింపులు, సంతకాల సేకరణతో ఆ పది రోజులూ పోగొట్టుకుంటారు.

ముసాయిదా మొదటి వాక్యం ఇలా ఉంటే మంచిది: "మూడు విచారణలు వేర్వేరు న్యాయిక వ్యక్తులుగానే కొనసాగుతాయి." అంటే చట్టం దృష్టిలో దేని హక్కులు, ఆస్తి దానివే. అమెరికాలోని బోస్టన్ అతిమేత్రాసనం 2012లో ఆమోదించిన పథకం 288 విచారణలను సుమారు 135 గుంపులుగా చేసేది. అందులోనూ ఏ విచారణ ఆస్తి ఆ విచారణదే.

వేళల_పట్టిక:
పూజల లెక్క గురువుల నుంచి మొదలవ్వాలి, జనం కోరికల నుంచి కాదు. కానన్ 905 ప్రకారం గురువుకి రోజుకు ఒక పూజే. కొరత ఉన్నచోట బిషప్ గారి అనుమతితో రెండు, ఆదివారాలు, విధి పండుగల్లో (పూజకు తప్పక రావలసిన పండుగల్లో) తప్పనిసరైతే మూడు. మీకు గురువులు ఇద్దరే (డీకన్ పూజ చేయలేరు) కాబట్టి ఆదివారం గరిష్ఠంగా ఆరు అవుతాయి. ఆ ఆరూ పట్టికలో పెట్టారా, ఒక గురువుకి జ్వరం వస్తే మూడు పూజలు ఎగిరిపోతాయి. అందుకే ఆదివారం ఇద్దరికీ రెండేసి, శనివారం సాయంత్రం ఒక్కొక్కటి, మొత్తం ఆరే రాయండి. మూడోది ఆపద కోసం దాచిన చోటు. శనివారం ఉదయం పెళ్లి పూజ ఉంటే సాయంత్రంది ఆ గురువుకి రెండోది అవుతుంది, ఆ అనుమతీ ముందే తీసుకోండి.

తొమ్మిదిలో ఏ మూడు పోవాలో తలలు లెక్కపెట్టి తేల్చాలి. వరుసగా నాలుగు మామూలు ఆదివారాలు ఎంచుకోండి. మ్రానికొమ్మల ఆదివారం, క్రిస్మస్, ప్రథమ సత్ప్రసాదం వద్దు. ప్రతి పూజకూ ఇద్దరు విడివిడిగా కాగితం మీద గీతలు పెట్టాలి, అదీ కానుకల సమర్పణ వేళ. ప్రారంభంలో లెక్కిస్తే ఆలస్యంగా వచ్చేవాళ్లు తప్పిపోతారు. 400 సీట్ల గుడిలో 7 గంటలకు 130, 9 గంటలకు 150 మంది అయితే కలిపినా 280, అంటే 70 శాతం. హాయిగా సరిపోతుంది. కలిపాక 80 శాతం దాటే జతను మాత్రం ముట్టుకోకండి, వానాకాలంలో నిలబడే చోటు ఉండదు.

అందరూ పొరబడేది ప్రయాణం దగ్గర. పూజకు 60 నిమిషాలు, బయట జనంతో మాట్లాడడానికి, దీవెనలకు 15, దారికి 25, పూజావస్త్రాలు వేసుకుని సిద్ధం కావడానికి 20. మొత్తం రెండు గంటలు. 7:00 తర్వాతిది 9:00 కావాలి, 8:30 కాదు. ఆ అరగంట మిగుల్చుకుంటే పోయేది గుమ్మం దగ్గర గురువుతో మాట్లాడే సమయం. "ఫాదర్ గారు పరుగెత్తుతున్నారు" అన్న మాట అక్కడే పుడుతుంది.

పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి పూజ) శనివారం చీకటి పడ్డాకే మొదలవ్వాలి. సాయంత్రం ఐదింటికి ఒకచోట, ఎనిమిదింటికి మరోచోట అని రాయడానికి వీల్లేదు. మూడు విచారణలకూ ఒకే జాగరణ పెట్టి, ఏటా గుడి మార్చండి.

మండలి_కార్యదర్శి:
ధన్యవాదాలండి. లేఖలో 526 అనే ఉంది. జీతాలు, కారు, ఆఫీసు ఖర్చు ఎలా పంచుకోవాలి? మా మూడోది చాలా చిన్న విచారణ.

ఖాతా_పుస్తకం:
ఒకే ఖాతా మాత్రం తెరవకండి. ప్రతి విచారణకూ ఆర్థిక మండలి తప్పనిసరి (537). పాలక మండలిని కలపొచ్చు, దీన్ని కలపకూడదు. ఒక విచారణ పేరున ఖాతా తెరిచి, ఉమ్మడి ఖర్చులు మాత్రమే అందులోంచి పెట్టి, నెలనెలా మిగతా రెండింటికీ బిల్లు పంపండి. ఫలానా పనికని ఇచ్చిన కానుక ఆ పనికే వాడాలని 1267 చెబుతోంది. గుడి గంట కోసం వచ్చిన డబ్బు కారు పెట్రోలుకు పోకూడదు.

పంపకానికి ఒక లెక్క చూడండి. మామూలు కానుకల్లో వాటాలు 60, 30, 10 శాతం. హాజరులో 50, 30, 20. "మూడో వంతు సమానంగా, మిగతాది ఆదాయాన్ని బట్టి" అని కొందరు అంటారు. అలా అయితే ఉమ్మడి ఖర్చు 100లో చిన్న విచారణ మీద దాదాపు 18 పడుతుంది. దాని రాబడి 10 మాత్రమే, రెండేళ్లలో కుంగిపోతుంది. దాని బదులు ఆదాయానికి 60, హాజరుకు 40 బరువు ఇవ్వండి: 56, 30, 14 వస్తాయి. ఆదాయంలో వీలునామా డబ్బు, పండుగ విరాళాలు, మరమ్మతు నిధి కలపవద్దు. గత మూడేళ్ల సగటు తీసుకోండి, ఏటా ఒకసారి సవరించండి.

పుస్తకాల_గది:
ఎవరూ ఎత్తని విషయం రిజిస్టర్లు. విచారణలు మూడు కాబట్టి జ్ఞానస్నాన, వివాహ, మరణ పుస్తకాలు మూడు జతలుగానే ఉండాలి (535). ఆఫీసు ఒకటైందని అన్నీ ఒకే బల్ల మీదకు చేరతాయి, అక్కడే ప్రమాదం. జ్ఞానస్నానం ఏ విచారణలో జరిగిందో ఆ పుస్తకంలోనే రాయాలి. తప్పు పుస్తకంలో పడితే, ఇరవై ఏళ్ల తర్వాత పెళ్లి వివరం అంచున రాయబోతే ఆ పేరే దొరకదు. మూడు రంగుల అట్టలు వేయించండి, వీపు మీద విచారణ పేరు పెద్దగా రాయించండి. చిన్న పనే గానీ పనిచేస్తుంది.

ఇక పూజ తలంపులు, అంటే కానుక ఇచ్చి ఫలానా వారి కోసమని చెప్పించుకునే పూజలు. తొమ్మిది ఆరయితే, ముందే కానుక తీసుకున్న తలంపులు ఎటు పోతాయి? పట్టిక మార్చే రోజుకు రెండు నెలల ముందు మూడు డైరీలూ ముందేసుకోండి. తీసేసే పూజల్లో ఉన్న ప్రతి తలంపుకూ కొత్త తేదీ రాసి, ఆ కుటుంబానికి ఫోన్ చేయండి. ఏడాదిలోపు నెరవేర్చలేనన్ని తీసుకోకూడదు (953). కాబట్టి కొత్తవి రాసుకోవడం కొన్నాళ్లు ఆపాల్సి రావొచ్చు.

పాలక మండళ్ల విషయంలో ఖాతా_పుస్తకం గారితో పూర్తిగా ఏకీభవించను. కలపొచ్చన్నది నిజమే, కానీ మొదటి రోజునే వద్దు. ఏడాదిపాటు మూడూ ఉండనిచ్చి, మీ పన్నెండుగురినే ఉమ్మడి బృందంగా నెలకోసారి కూర్చోబెట్టండి. కలిపే వేళ చిన్న విచారణకూ పెద్దదానికీ సమాన సీట్లు ఇవ్వండి. జనాభాను బట్టి ఇస్తే చిన్నదాని తరఫున ఒక్కరే మిగులుతారు, ఆ ఒక్కరూ మూడో సమావేశానికి రారు.

వేళల_పట్టిక:
ఒక చేర్పు. కొత్త వేళలు ఆగమన కాలం (క్రిస్మస్ ముందు వారాలు) మొదటి ఆదివారం గానీ, బడి సెలవులయ్యాక గానీ మొదలుపెట్టండి. తపస్సుకాలం (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు) మధ్యలో మారిస్తే పవిత్ర వారం వరకూ ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంటుంది. ముందు వరుసగా నాలుగు వారాలు మూడు గుళ్లలోనూ ఒకే కాగితం చదివించండి, మాట తేడా రాకుండా.