1965 ఎంజీబీని డాలస్ నుంచి అట్లాంటాకు తరలించడం: టో డాలీ సరిపోతుందా?

ప్రశ్న:
ఉద్యోగరీత్యా వచ్చే నెలలో డాలస్ నుంచి అట్లాంటాకు వెళ్లిపోతున్నాము. నా 1965 ఎంజీబీని (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) దాదాపు 780 మైళ్లు నడుపుకుంటూ వెళ్లే ధైర్యం నాకు లేదు. ముందు చక్రాలను అద్దె టో డాలీ (మరో వాహనం వెనక తగిలించి లాగే రెండు చక్రాల చిన్న బండి) మీదికి ఎక్కించి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, వెనక చక్రాలను రోడ్డు మీద దొర్లనిస్తే ఖర్చు కలిసివస్తుందని ఒక మిత్రుడు చెప్పారు. దానివల్ల గేర్‌బాక్సుకు హాని జరుగుతుందా?

జవాబు 1:
జరుగుతుందండీ. ఎంజీబీని నడిపేవి వెనక చక్రాలే కనుక, అవి దొర్లినంతసేపూ ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సును వెనక ఇరుసుకు కలిపే కడ్డీ), దానితోపాటే గేర్‌బాక్సులోని మెయిన్ షాఫ్టు తిరుగుతూనే ఉంటాయి. కానీ ఇంజిన్ ఆగి ఉండి గేరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు, అడుగున ఆయిల్లో తిరుగుతూ దాన్ని పైకి చిమ్మవలసిన లేషాఫ్టు (ఇంజిన్ వైపు నుంచి తిరిగే రెండో షాఫ్టు) కదలదు. ఆ స్థితిలో వందల మైళ్లు వెళితే పైనున్న బుష్‌లూ బేరింగులూ ఆయిల్ అందక అరిగిపోతాయి. డాలీ తప్పదనుకుంటే ప్రొపెల్లర్ షాఫ్టును విప్పి తీసేయాలి. నన్నడిగితే నాలుగు చక్రాలూ పైకెక్కే ట్రైలర్‌కే డబ్బు పెట్టండి.

జవాబు 2:
ట్రైలర్ మాటతో నేనూ ఏకీభవిస్తాను, అయితే అసలు నష్టం ఎక్కువగా కట్టడంలోనే జరుగుతుంది. పట్టీలను ఛాసిస్‌కో బాడీకో తగిలించి కిందికి లాగితే స్ప్రింగులు అణిగిపోతాయి, గుంత వచ్చినప్పుడల్లా పట్టీ వదులై మళ్లీ ఒక్క కుదుపుతో బిగుసుకుంటుంది. అందువల్ల టైరు మీదుగా చుట్టి బిగించే పట్టీలనే అడిగి తీసుకోండి. మీవి వైర్ వీల్స్ అయితే ఊచల మధ్య నుంచి దేన్నీ దూర్చవద్దు. ట్రైలర్, కారు కలిసిన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (లాగే వాహనానికి ట్రైలర్‌ను తగిలించే చోటు) మీద పడేలా కారును ముందుకో వెనక్కో జరపాలి. వెనక బరువు ఎక్కువైతే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ ఊగడం మొదలుపెడుతుంది. మొదటి 50 మైళ్ల తరువాత ఆగి, పట్టీలను మళ్లీ బిగించండి. ఇంకొక మాట, దుమ్ము పడుతుందని కవరు కప్పవద్దు. నేను ఆ తెలివితక్కువ పని చేశాను. గాలికి కొట్టుకుని కవరు గీకిన గుర్తులు నా కారు బానెట్ మీద ఇప్పటికీ ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్రైలరే తీసుకుంటాను. బ్యాటరీ కనెక్షన్ తీసేయాలా?

జవాబు 1:
తీయడం మంచిది. సీట్ల వెనక ఉండే రెండు 6 వోల్టుల బ్యాటరీలలో, బాడీకి కలిసే తీగను ముందుగా విప్పండి. ఆ ఏడాది కార్లు పాజిటివ్ ఎర్త్‌తో (బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిసే ఏర్పాటుతో) వచ్చాయి కనుక, ఎవరూ మార్చి ఉండకపోతే మీరు ముందు విప్పవలసింది పాజిటివ్ తీగనే.